పేట నుంచి – 17: సైకిలు దిగే మలుపు

"సార్, మనది సైక్లింగ్ గ్రూపు. కులాలూ రాజకీయాలూ ఇక్కడొద్దు. అసలే ఎలక్షన్ టైము. హెల్త్ కోసం కలిశాం, హెల్త్ గురించే మాట్లాడుకుందాం."

ఏప్రిల్ 9 రాత్రి మా సైక్లింగ్ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో నాకొచ్చిన జవాబు ఇది. చివర చేతులు జోడించిన బొమ్మ. దాని కింద ఇరవై మూడు బొటనవేళ్ళు. నేను పెట్టిన మెసేజ్ అప్పటికే గ్రూపులోంచి తీసేశారు. అందులో పెద్ద విషయమేం లేదు. "ఈసారి అంబేడ్కర్ జయంతి ఆదివారమే పడింది. ఆ రోజు రైడు ఏదైనా ఒక పేటకి పెట్టుకుందామా? విగ్రహం దగ్గర ఆగి, టిఫిన్ కూడా అక్కడే చేద్దాం" అని రాశాను. అంతే.

అక్కడ జవాబు చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను. కాస్త పొడుగే. ఇవాళ ఆదివారం, నేను రైడుకి వెళ్ళలేదు, టైముంది. మీరూ తీరిగ్గా చదవండి.

ముందు క్లబ్బు గురించి. రెండేళ్ళ కిందట నాకు షుగర్ బయటపడింది. ముప్ఫై నాలుగేళ్ళకే. డాక్టరు నడవమన్నాడు. నడక నాకు విసుగు. స్టాఫ్ రూములో ఒకాయన ఏలూరులో ఆదివారాలు సైకిళ్ళేసుకుని తిరిగే బృందం ఉందని చెప్పాడు. ఇరవై ఎనిమిది వేలు పెట్టి గేర్ల సైకిలు కొన్నాను, మూడు వాయిదాల్లో. హెల్మెట్టు, గ్లౌజులు, వెనకాల మినుకుమినుకుమనే ఎర్రలైటు. తెల్లవారుజామున అయిదింటికి పాతిక ముప్ఫై మంది కలుస్తారు. డాక్టర్లు, ఆడిటర్లు, బ్యాంకువాళ్ళు, బంగారం కొట్టువాళ్ళు, రియల్ ఎస్టేటు, చేపల చెరువుల లీజుదారులు. నలుగురు ఆడవాళ్ళు. ఒక తెలుగు లెక్చరరు.

నిజం చెప్పాలి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఒకసారి ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల నా ట్యూబు పగిలితే ఒక పెద్ద డాక్టరుగారు రోడ్డు మీద కూలబడి, చేతులకి గ్రీజు పూసుకుని, తన దగ్గరున్న ట్యూబు వేసి ఇచ్చాడు. నా షుగర్ తగ్గింది. ఆ రెండూ నేను మరిచిపోను. ఈ వ్యాసం ఆ డాక్టరుగారి మీద కాదు. ఆ గ్రూపుకున్న ఒక్క రూలు మీద. "రాజకీయాలొద్దు" అన్న రూలు మీద.

మాకు ఇష్టమైన దారి ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు. చలికాలం ఆ దారిలో వెళ్ళాల్సిందే. రెండు పక్కలా నీళ్ళు. పెదఎడ్లగాడి వంతెన దాటేసరికి తూర్పు ఎర్రబడుతుంది. ఆటపాకలో గూడబాతులు. అంతలేసి పక్షులు అంత తేలిగ్గా నీళ్ళ మీద ఎలా దిగుతాయో అని ఫోన్లు తీసుకుని అందరం చిన్నపిల్లలమైపోతాం. తిరుగుదారిలో ఎవరో ఒకరు ఆ మాట అంటారు: "సైకిలెక్కాక అందరం సమానమే కదండీ! ఇక్కడ డాక్టరూ లేడు, ఆసామీ లేడు."

ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు.

మా ఊరు కొల్లేటి ఒడ్డున ఉంది. పేరు రాయను, మా నాన్న ఇంకా అక్కడే బతకాలి. మాది మాదిగపేట. మా నాన్న ఇరవై రెండేళ్ళు చేపల చెరువు మీద రాత్రి కాపలా చేశాడు. సాయంత్రం ఆరింటికి హీరో సైకిలు, హ్యాండిలుకి అన్నం క్యారేజీ, నడుముకి టార్చిలైటు. తొమ్మిది కిలోమీటర్లు. పొద్దున్నే మళ్ళీ తొమ్మిది. వానాకాలం గట్టు మీద సైకిలు నడవదు, భుజానికెత్తుకుని నడిచేవాడు. పేట నుంచి రోడ్డెక్కాలంటే ఊరి మధ్య నుంచే దారి. రామాలయం మలుపు దగ్గర మా నాన్న సైకిలు దిగేవాడు. నూటయాభై గజాల వీధి. అది దాటేదాకా సైకిలుని పక్కన నడిపించుకుంటూ వెళ్ళేవాడు. చివరి ఇల్లు దాటాక మళ్ళీ ఎక్కేవాడు.

నేను ముందు కడ్డీ మీద కూర్చునేవాణ్ణి. ఎందుకు దిగుతున్నాం నాన్నా అని ఒకసారి అడిగాను. "ఇక్కడ గతుకులెక్కువరా" అన్నాడు. ఆ వీధి ఊళ్ళోకల్లా మంచి సిమెంటు రోడ్డు. గతుకులన్నీ మా పేటలో ఉండేవి.

నేను సైకిలు నేర్చుకుంది గంటకి రెండు రూపాయల అద్దె సైకిలు మీద. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం. మా అక్క కూడా నాతోనే నేర్చుకుంది, నాకంటే బాగా తొక్కేది. ఏడో తరగతిలో అక్క పెద్దమనిషయ్యింది. అంతటితో సైకిలు మానిపించారు. ఊరివాళ్ళు మానిపించలేదు, మా ఇంట్లోనే మానిపించాం. ఇది కూడా రాయాలి. లేకపోతే ఊరిదే తప్పు, పేటకి మచ్చ లేదు అని రాసిన అబద్ధమవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. క్లబ్బులో చేరిన మొదటి డిసెంబరులో ఒక రైడు మా ఊరి మీదుగా వేశారు. నేనేం మాట్లాడలేదు. పొద్దున ఏడింటికి ముప్ఫై సైకిళ్ళు రామాలయం మలుపు తిరిగాయి. ఎవరూ దిగలేదు. నేనూ దిగలేదు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "ఏలూరు నుంచాండీ? అబ్బో, ఇంత దూరమే! ఆగండి, ఆగండి, బొండాలు కొట్టిస్తాను" అన్నాడు. కొట్టించాడు. నా చేతికీ ఒకటిచ్చాడు. రెండు చేతులతో ఇచ్చాడు.

మా నాన్నని "ఏరా" అని తప్ప పిలవని మనిషి ఆయన. నన్ను చిన్నప్పుడు ఆ అరుగు ముందు నుంచి తరిమిన మనిషి.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను హెల్మెట్టూ నల్లకళ్ళజోడూ తియ్యలేదు. బొండం తాగాను, "థ్యాంక్స్ అండీ" అన్నాను, సైకిలెక్కాను. నాలుగు కిలోమీటర్లు దాటాక గానీ మా నాన్న ఇల్లు అక్కడికి రెండొందల గజాలే అన్న సంగతి నాకు నేను ఒప్పుకోలేదు. నెలకోసారి బస్సులో వెళ్ళే కొడుకు, సైకిలు మీద ఆ వీధిలోకి వచ్చి, ఇంటికి వెళ్ళకుండా తిరిగొచ్చేశాడు. పీహెచ్‌డీ చేసి, పద్దెనిమిదేళ్ళ పిల్లలకి దళిత సాహిత్యంలో ఆత్మగౌరవం గురించి పాఠం చెప్పే మనిషి.

"చూశారా, కాలం మారింది, పెద్దాయన మీకు బొండం ఇచ్చాడు కదా" అని మిత్రుడొకడు అన్నాడు. నిజమే, ఇచ్చాడు. ఏలూరు నుంచి వచ్చిన గేర్ల సైకిలుకి ఇచ్చాడు, హెల్మెట్టుకి ఇచ్చాడు. ఆ హెల్మెట్టు కింద ఎవరున్నారో తెలిస్తే ఇస్తాడా లేదా అన్నది నేను తేల్చుకోలేదు. తేల్చుకునే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. సమానత్వం అంటే ముఖం దాచుకుంటే దొరికేది కాదు కదా.

"సైకిలెక్కాక అందరం సమానమే" అనేవాళ్ళని నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. పొద్దున అయిదున్నరకి ఆ రోడ్డు మీద మనం దాటుకుని వెళ్ళే సైకిళ్ళు ఎవరివి? పాలక్యాన్లు కట్టుకున్నవి, పేపర్లు వేసేవి, చెరువు కాపలా దిగి నిద్రకళ్ళతో ఇంటికెళ్ళేవి, మోపు కట్టుకున్నవి. 2011 జనాభా లెక్కల్లో ఈ దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళలో సైకిలుంది. కారో జీపో ఉన్న ఇళ్ళు నూటికి 5 కూడా లేవు. అంటే సైకిలు బీదవాడి బండి. కానీ మన గ్రూపులో "సైక్లిస్టు" అన్న మాటకి ఆ పాలక్యాను మనిషి రాడు. ఎదురుగా ఇంకో జెర్సీ కనిపిస్తే చెయ్యెత్తి పలకరిస్తాం. క్యారేజీ కట్టుకున్న మనిషి కనిపిస్తే బెల్లు కొట్టి పక్కకి జరగమంటాం. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, ఎండ తగలదు. మంచిదే. మా నాన్న తొక్కిన తొమ్మిది కిలోమీటర్లకి ఇప్పటికీ తారు అంచు లేదు. లారీ వస్తే సైకిలు బురదలోకి దిగాలి. ఒకటే వస్తువు. ఒకడికి వ్యాయామం, ఇంకొకడికి కూలి. ఒకడికి రోడ్డేస్తారు, ఇంకొకణ్ణి రోడ్డు దింపుతారు. తెలుగులో "తొక్కడం" అన్న మాటకి రెండర్థాలు ఊరికే రాలేదు.

ఇక మా చిన్నోడి సంగతి. పేరు రాయను. నా దగ్గర బీఏ రెండో సంవత్సరం. దెందులూరు వైపు ఒక పేట. రోజూ పోనూ రానూ ఇరవై రెండు కిలోమీటర్లు వాళ్ళన్న పాత సైకిలు మీద కాలేజీకి వస్తాడు. నా సైకిలు చూసి, "సార్, ఆదివారం నేనూ రావొచ్చా, గూడబాతుల్ని దగ్గర్నుంచి ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు. కొల్లేటికి ఇంత దగ్గరలో పుట్టిన పిల్లోడు. తీసుకెళ్ళాను. ఎక్కడా వెనకబడలేదు. పద్దెనిమిదేళ్ళ కాళ్ళు, రోజూ తొక్కే కాళ్ళు.

ఆటపాకలో ఒకాయన ఫోన్ వాడి చేతిలో పెట్టి "తమ్ముడూ, ఒక ఫోటో తియ్యి" అన్నాడు. ఇంకొకాయన ఇంకో ఫోన్ ఇచ్చాడు. టిఫిన్ దగ్గర మనిషికి నూటనలభై అయ్యింది, చందాల లెక్కన. వాడు బల్ల దగ్గరికి రాలేదు. "పొద్దున తినే అలవాటు లేదు సార్" అన్నాడు. సైకిళ్ళ దగ్గర నిలబడ్డాడు. చేతులు కడుక్కుంటూ ఒకాయన సరదాగా అన్నాడు: "కుర్రాడు గట్టోడండీ. మన నీళ్ళసీసాలు మోసే బండి మానేసి వీణ్ణి పెట్టుకోవచ్చు." అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. మళ్ళీ రాస్తున్నాను, నేను కూడా నవ్వాను.

మర్నాడు క్లాసు అయ్యాక చిన్నోడు వచ్చి, "సార్, నిన్నటి ఫోటోలు పంపుతారా, అమ్మకి చూపిస్తాను" అన్నాడు. గ్రూపు తెరిచాను. పదకొండు ఫోటోలు. పదకొండింట్లోనూ వాడు లేడు. పదకొండూ తీసింది వాడే.

ఆ వారమే గ్రూపులో కొత్త రూలు వచ్చింది. సేఫ్టీ కోసం హెల్మెట్టు, గేర్ల సైకిలు తప్పనిసరి. హెల్మెట్టు సంగతి సరే, నేనూ ఒప్పుకుంటాను, తల అందరిదీ తలే. గేర్లు ఎందుకు? ఏలూరు నుంచి కైకలూరు దాకా చూస్తే, వంతెనలు తప్ప ఎత్తు ఎక్కడుంది? కొల్లేరంటేనే పల్లం కదా! గేర్లతో ఆగేది ఏంటో చెప్పండి. కొండలు కావు, చిన్నోళ్ళు.

ఎవరూ వాడి కులం అడగలేదు. నాకు తెలుసు. అడగాల్సిన పని లేదు. సైకిలు చెప్పింది, చెప్పులు చెప్పాయి, టిఫిన్ బల్ల చెప్పింది.

ఇది మన దగ్గరే జరిగిందని కాదు. అమెరికాలో సైకిలు కొత్తగా వచ్చిన రోజుల్లో "లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్" అని పెద్ద సంఘం ఉండేది. మంచి రోడ్ల కోసం ఉద్యమం చేసిన సంఘం. 1894లో లూయీవిల్‌లో సమావేశమై, సభ్యత్వం తెల్లవాళ్ళకే అని రూలు రాసుకున్నారు. మరుసటి ఏడాది బోస్టన్ నుంచి కిట్టీ నాక్స్ అనే కుట్టుపని చేసే అమ్మాయి, తండ్రి నల్లజాతి మనిషి, తన సభ్యత్వ కార్డు పట్టుకుని వాళ్ళ వార్షిక మేళాకి సైకిలు మీద వెళ్ళి నిలబడింది. 1899లో మాంట్రియల్‌లో మేజర్ టేలర్ అనే నల్లజాతి కుర్రాడు సైకిలు పందెంలో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ సంఘం వారసులు ఆ పాత రూలుని తప్పని అధికారికంగా ఒప్పుకుంది 1999లో. నూట అయిదేళ్ళు పట్టింది. అయినా ఒక మాట చెప్పాలి. వాళ్ళు రూలు రాశారు కాబట్టి దాన్ని కొట్టెయ్యడం కుదిరింది. మన దగ్గర రాయరు. రాయని రూలుని ఏ సమావేశంలో కొట్టేస్తాం?

"రాజకీయాలొద్దు" అన్నవాళ్ళు గత ఏడాదిన్నరలో వేసిన రైడ్ల జాబితా నా ఫోన్లో ఉంది. పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోట రైడు. కార్తీకమాసం గుడి రైడు. ఆగస్టు 15 జెండా రైడు. ఒక పార్టీ నాయకుడి పుట్టినరోజుకి హ్యాండిళ్ళకి ఆ పార్టీ రంగు రిబ్బన్లు కట్టిన రైడు. నేను అన్నిటికీ వెళ్ళాను. పెద్దింట్లమ్మతో నాకు పేచీ లేదు, ఆమె మా అమ్మమ్మ మొక్కుకున్న తల్లి. నేనడిగేది ఒక్కటే. గుడి రాజకీయం కాదు, జెండా రాజకీయం కాదు, రిబ్బను రాజకీయం కాదు. రాజ్యాంగం రాసిన మనిషి విగ్రహం దగ్గర ఇడ్లీ తినడం రాజకీయం. ఈ గీత ఎవరు గీశారు?

ఇంకొకటి. ఫిబ్రవరి 2న ప్రపంచ చిత్తడి నేలల దినం అని "కొల్లేరుని కాపాడుదాం" రైడు చేశాం. అందరికీ కొత్త జెర్సీలు. వీపు మీద స్పాన్సరు పేరు: చేపల మేతా మందులూ అమ్మే ఒక డీలరు. ముందు వరసలో ప్లకార్డు పట్టుకున్న వాళ్ళలో ఇద్దరు చెరువుల లీజుదారులు. 1999లో కొల్లేటిని +5 కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చారు. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి బీదలకిచ్చిన చెరువులు కూడా అందులో ఉన్నాయి. మా పేట సొసైటీ గట్టు పోయింది, మళ్ళీ లేవలేదు. మా నాన్న కాపలా పని ఏడాది పాటు పోయింది. తర్వాత చుట్టూ మళ్ళీ లేచిన గట్లు ఎవరివో మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా నాన్న మళ్ళీ కాపలాకి వెళ్ళింది ఆ గట్ల మీదకే. ఈ సంగతి ఆ రైడులో ఎవరైనా మాట్లాడారా? మాట్లాడితే రాజకీయం అవుతుంది. అందుకని పక్షుల గురించి మాట్లాడుకున్నాం. పక్షులకి లీజులుండవు, ఇబ్బంది లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక్కసారి వెనక్కి చూడండి. ఈ నేల మీద మన చరిత్రంతా ఇలాంటి "రాజకీయం కాని" చోట్లనే మొదలైంది. 1985లో కారంచేడు మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. 1991లో చుండూరు సినిమా హాల్లో, సీట్ల వరసలో కాలు తగిలిన దగ్గర మొదలైంది. 2017లో, ఇక్కడికి ఎంతో దూరం కాదు, గరగపర్రులో మిగతా విగ్రహాల పక్కన అంబేడ్కర్ విగ్రహం పెడతామన్న దగ్గర మొదలై, పేట పేటంతా వెలికి గురైంది. చెరువు, సినిమా హాలు, నడివీధి, రోడ్డు. అసెంబ్లీలో కాదు. అందరిదీ అని చెప్పుకునే చోటు నిజంగా అందరిదేనా అన్న ప్రశ్న కంటే పెద్ద రాజకీయం మనకి లేదు. సైకిలు క్లబ్బు అలాంటి చోటే. టిఫిన్ బల్ల అలాంటి చోటే.

బాబాసాహెబ్ జీవితంలో చాళీస్‌గావ్ సంఘటన మీలో చాలామందికి తెలుసు. 1929. ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా వచ్చిన పెద్ద బారిస్టరు. రైలు దిగాక టాంగాలు ఉన్నాయి. తోలేవాళ్ళు తోలమన్నారు. మహర్‌వాడ వాళ్ళు టాంగా అయితే అద్దెకి తెచ్చారు గానీ, తోలేవాడు దొరక్క, అలవాటు లేని తమ మనిషినే ఎక్కించారు. దారిలో చక్రం ఇరుక్కుని ఆయన రాళ్ళ మీద పడి కాలు విరిగింది. బండి లేక కాదు. పక్కన కూర్చుని తోలే మనిషి లేక. ఇరవై ఎనిమిది వేల సైకిలు నేను కొనుక్కోగలను. పక్కన తొక్కే మనిషిని షోరూములో అమ్మరు.

ఇప్పుడు మన వైపు నుంచి వచ్చే ప్రశ్న. పోయిన వారం ఒక ఉద్యమ మిత్రుడు ఫోనులోనే కోప్పడ్డాడు. "అన్నా, అసలు ఆళ్ళతో నీకేం పని? షుగరైతే ఒక్కడివే తొక్కుకో. ఆళ్ళ పక్కన చోటు కోసం దేబిరించడం ఆత్మగౌరవమా?" మంచి ప్రశ్న. రెండు రాత్రులు ఆలోచించాను.

నా జవాబు ఇది. నేను వాళ్ళ పక్కన చోటు అడగడం లేదు. రోడ్డు అడుగుతున్నాను. అది వాళ్ళది కాదు, వాళ్ళిచ్చేదీ కాదు. సైకిలు అంతకన్నా కాదు. 1983లో కాన్షీరాంగారు డీఎస్4 కార్యకర్తలతో సైకిళ్ళ మీద ఏడు రాష్ట్రాలు తిరిగారు. పెట్రోలు డబ్బులు లేని ఉద్యమానికి రెండు కాళ్ళూ రెండు చక్రాలే వాహనం. 1990ల మొదట్లో పక్క తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు, కూలీలు. ఎగతాళి చేసిన మగవాళ్ళ ముందు నుంచే తొక్కుకుంటూ వెళ్ళారు. అదీ సైక్లింగంటే. మా అక్క ఆ జిల్లాలో పుట్టి ఉంటే ఏమయ్యేదో అనుకుంటాను అప్పుడప్పుడూ. సైకిలుని ఆదివారం ఆటగా మార్చి, దాని చరిత్రని తుడిచేసి, "మీరు రాజకీయం తెస్తున్నారు" అని మనల్నే అంటుంటే, నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవడం ఆత్మగౌరవం కాదు. ఇచ్చెయ్యడం.

అందుకని ఏప్రిల్ 14న ఏం చేశామో చెప్తాను. ఏలూరులో సాంఘిక సంక్షేమ హాస్టలు పిల్లలు ఆరుగురు, మా చిన్నోడు, ఇద్దరు అమ్మాయిలు, నేను. పదిమందిమి. గేర్లున్నది ఒక్క నా సైకిలుకే. మూడు సైకిళ్ళు అరువు తెచ్చినవి. దారిలో రెండు పంచర్లు. క్లబ్బు నుంచి ఒకాయన వచ్చాడు, రిటైరైన బ్యాంకు ఉద్యోగి, జెర్సీ లేకుండా మామూలు చొక్కాతో. "గ్రూపులో చెప్పకండి సార్" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. నేను రెండేళ్ళు హెల్మెట్టు తియ్యలేదు, ఆయనకింకా ఒక రోజే అయ్యింది.

మా ఊరే వెళ్ళాం. రామాలయం మలుపు ముందే నేను హెల్మెట్టు తీసి హ్యాండిలుకి తగిలించాను. సేఫ్టీ రూలు తప్పాను, క్షమించాలి. అరుగు మీద పెద్దాయన ఉన్నాడు. చూశాడు. ఈసారి గుర్తుపట్టాడు. లేవలేదు, ఏమీ అనలేదు. బొండాలు కూడా లేవు. మేమెవరమూ దిగలేదు. పేటలో విగ్రహం దగ్గర దండ వేసి, మా అమ్మ చేసిన ఉప్మా తిన్నాం. రిటైరైనాయన రెండోసారి పెట్టించుకున్నాడు. ఫోటో తియ్యడానికి చిన్నోడు అలవాటు కొద్దీ ఫోన్ అందుకోబోయాడు. వాణ్ణి మధ్యలో నిలబెట్టి నేను తీశాను.

తిరిగొచ్చేటప్పుడు మా నాన్న రోడ్డు దాకా మాతో వస్తానన్నాడు. అరవై ఎనిమిదేళ్ళు. అదే హీరో సైకిలు, సీటు మాత్రం కొత్తది. మా ముందే తొక్కుకుంటూ వచ్చాడు. మలుపు రాగానే దిగాడు. ఎవరూ దిగమనలేదు. ఆ వీధిలో అప్పుడు ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. "నాన్నా, ఎక్కు" అన్నాను. "మోకాళ్ళ నొప్పిరా, నువ్వెళ్ళు" అన్నాడు. పిల్లలంతా సైకిళ్ళ మీద ఒక కాలు కింద పెట్టి నిలబడిపోయారు. ముందుకెళ్ళాలో దిగాలో వాళ్ళకి తెలియలేదు. నాకూ తెలియలేదు. ఆయన సైకిలు నడిపించుకుంటూ ఆ నూటయాభై గజాలూ నడిచాడు. వెనకాల మేము మెల్లగా, పడిపోకుండా, తొక్కుకుంటూ వచ్చాం.

ఎవరూ లేని వీధిలో కూడా మా నాన్నని సైకిలు దింపేది ఏదైతే ఉందో, దాని పేరు చెప్పమంటే, అది రాజకీయం అంటున్నారు. అవును, రాజకీయమే.

క్లబ్బువాళ్ళకి నేను అడిగేవి నాలుగే. ఈ పోస్టు ఎవరో ఒకరు అక్కడ వేస్తారని నాకు తెలుసు, కాబట్టి నేరుగా రాస్తున్నాను. ఒకటి, గేర్ల రూలు తీసెయ్యండి, బ్రేకులు పనిచేస్తే చాలు. రెండు, టిఫిన్ చందా స్టూడెంట్లకి వద్దు. మూడు, జాతర రైడు ఉన్నట్టే జయంతి రైడు ఉండాలి, ఏడాదికి ఒక్కసారైనా దారి పేట మీదుగా పోవాలి, బయటి నుంచి చూసి పోవడం కాదు, ఆగాలి. నాలుగు, నేను పెట్టిన మెసేజ్ తిరిగి పెట్టండి. ఇష్టం లేనివాళ్ళు వద్దని దాని కిందే రాయొచ్చు, నేను చదువుతాను. డాక్టరుగారూ, మీరు కూడా ఆ ఇరవై మూడు బొటనవేళ్ళలో ఒకరు. ఆ రోజు నా చక్రానికి మీరు వేసిన ట్యూబు ఇంకా అలాగే ఉంది. అందుకే మిమ్మల్ని అడిగే హక్కు ఉందనుకుంటున్నాను.

స్టూడెంట్లకి: మీ ఊళ్ళో సైకిలు దిగే మలుపు ఎక్కడుందో రాయండి. ఊరి పేరు వద్దు, మీ ఇంట్లోవాళ్ళు అక్కడ బతకాలి. ఎవరు దిగేవారు, ఏ ఏడాది దాకా, ఎందుకని చెప్పేవారు, అవి రాయండి. వచ్చే వారం అవన్నీ కలిపి పెడతాను. ఏలూరు చుట్టుపక్కల ఉన్నవాళ్ళు వచ్చే ఆదివారం అయిదింటికి కాలేజీ గేటు దగ్గరికి రండి. ఏ సైకిలైనా పర్లేదు. సైకిలు లేనివాళ్ళకి వెనక క్యారియరుంది.

జై భీమ్.